పిల్లల క్లినిక్‌కి సాఫ్ట్‌వేర్: డెమోలో ఏం చూడాలి, డబ్బు కట్టే ముందు ఏం అడగాలి

ప్రశ్న: మావారు భీమవరంలో పిల్లల డాక్టర్. క్లినిక్ పెట్టి పన్నెండేళ్లయింది. మామూలు రోజుల్లో ఓపీ 60 దాకా ఉంటుంది, వానాకాలంలో 100 దాటుతుంది. పేర్లు ఇప్పటికీ లాంగ్ నోట్‌బుక్‌లోనే రాస్తాం. కౌంటర్లో ఒక అమ్మాయి, మొదటి నుంచీ మాతోనే ఉన్న కాంపౌండర్ గారు, పక్కనే మా సొంత మెడికల్ షాపు. లెక్కలు, స్టాఫ్ సంగతి నేనే చూసుకుంటాను. ఈ మధ్య రెండు కంపెనీల వాళ్లు వచ్చి డెమో ఇచ్చారు. ఒకటి పెద్దది. ఆన్‌లైన్ బుకింగ్, యాప్, వాట్సాప్, ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా), షాపు బిల్లింగ్, అన్నీ ఉన్నాయి. మూడేళ్లకి ఒకేసారి కడితే డిస్కౌంట్, అదీ ఈ నెలాఖరు వరకే అంటున్నారు. రెండోది చిన్నది. టోకెన్లు, పేషెంట్ రికార్డు, టీకా తేదీలు గుర్తుచెయ్యడం, అంతే. మావారేమో "నేను టైపు చేస్తూ కూర్చోను" అంటున్నారు. కాంపౌండర్ గారికి తన పని పోతుందేమోనని టెన్షన్. ఏది తీసుకోమంటారు?
ఒక పాఠకురాలు, భీమవరం

సమాధానం: నెలాఖరు డిస్కౌంట్ సంగతి ముందు పక్కన పెట్టండమ్మా. ఇప్పుడు ఇస్తానన్న ధర వచ్చే నెల అడిగినా ఇస్తారు. రోజుకు అరవై నుంచి వందమంది వచ్చే క్లినిక్‌ని ఏ సేల్స్ మనిషీ వదులుకోడు. మీరు రాసినదాన్ని బట్టి నా ఓటు చిన్నదానికే. అయితే అది కూడా కొన్ని పరీక్షలు నెగ్గాకే డబ్బు కట్టండి. ఆ పరీక్షలు మీ కౌంటర్లో, మీ అమ్మాయి చేతుల మీదుగా జరగాలి. డెమో చూసేది మీరు, డబ్బు కట్టేది మీరు, రోజంతా దాంతో వేగేది మాత్రం ఆమె. ఆమె చేతికి అలవాటు కాని సాఫ్ట్‌వేర్ రెండు నెలల్లో మూలన పడుతుంది, లాంగ్ నోట్‌బుక్ మళ్లీ బయటికొస్తుంది. చిన్న క్లినిక్కుల్లో ఇలాంటివి పెట్టించే పనిలో నేను ఎక్కువగా చూసింది ఇదే.

మళ్లీ డెమోకి పిలిచే ముందు ఒక సోమవారం ఉదయం కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. అమ్మాయి టైమ్ ఎక్కడ పోతోందో చూడండి. పేరు రాయడానికి పట్టేది అర నిమిషం. అసలు టైమ్ తినేవి వేరే ఉంటాయి. "డాక్టరు గారు వచ్చారా?" అని ఫోన్లు, "మా నంబర్ ఎప్పుడొస్తుంది?" అని ఎదురుగా నిలబడ్డవాళ్లు, "మొన్ననే చూపించాం కదా, రివ్యూకి కూడా ఫీజా?" అని వాదనలు, పోయినసారి చీటీ పోయిందంటే పాత పుస్తకాలు తిరగెయ్యడం. వీటిలో మీ దగ్గర ఏది ఎక్కువో దాన్ని తీర్చే సాఫ్ట్‌వేరే మీకు కావాలి. రివ్యూ గొడవే ఎక్కువనుకోండి. పేరు కొట్టగానే చివరిసారి చూపించిన తేదీ, ఫ్రీ రివ్యూ గడువు తెర మీద కనిపించాలి. అది ఉంటే అమ్మాయి వాదించక్కర్లేదు, తేదీ చూపిస్తే సరిపోతుంది.

ఇక అపాయింట్‌మెంట్లు. పెద్ద సాఫ్ట్‌వేర్ వాళ్లు చూపించిన క్యాలెండర్లో పది నిమిషాలకొకరు చొప్పున గళ్లు ఉండే ఉంటాయి. మన ఊళ్లలో పిల్లల క్లినిక్ అలా నడవదు. ఉండి నుంచో ఆకివీడు నుంచో బస్సెక్కి వచ్చే తల్లి సరిగ్గా 10.10కి దిగుతుందని ఎవరు చెప్పగలరు? అర్ధరాత్రి జ్వరం వచ్చిన పిల్లాడికి ముందురోజే ఎవరు బుక్ చేస్తారు? ఫిట్స్ వచ్చిన బిడ్డను ఎత్తుకుని పరిగెత్తుకొస్తే ఎవరి గడి ఆపుతారు? మధ్యలో సిజేరియన్ జరుగుతోంది, బిడ్డను చూడాలి రమ్మని ఏ నర్సింగ్ హోమ్ నుంచో మీవారికి పిలుపొస్తే గంట పోయినట్టే. ఆ తర్వాతి గళ్లన్నీ తారుమారు. ఒక్కొక్కరి టైమూ మార్చుకుంటూ అమ్మాయి కూర్చోవాలి, ఎదురుగా పిల్లలు ఏడుస్తుంటే.

టోకెన్ పద్ధతిని మనవాళ్లు ఈ పరిస్థితికి తగ్గట్టే ఏర్పాటు చేసుకున్నారు. దాన్ని మార్చకండి. సాఫ్ట్‌వేర్ చెయ్యాల్సింది దాన్ని తేలిక చెయ్యడమే. ఫోన్లో పేరు రాయించుకున్నవాళ్లకీ, నేరుగా వచ్చినవాళ్లకీ ఒకే వరసలో నంబర్లు రావాలి. ఇప్పుడు ఏ నంబర్ లోపలుందో బయట టీవీలోనూ, ఇంటి దగ్గరున్నవాళ్లకి ఫోన్లోనూ కనిపించాలి. ఎమర్జెన్సీని మధ్యలో పంపితే మిగతా వరస చెదరకూడదు. నంబర్ పిలిచినప్పుడు లేనివాళ్లు పక్కకి వెళ్లి, వచ్చాక ఒకరిద్దరి తర్వాత మళ్లీ వరసలోకి రావాలి. డాక్టరు గారు గంట ఆలస్యమైతే మిగిలినవాళ్లందరికీ ఒక్కసారే మెసేజ్ పోవాలి. డెమోకి వచ్చినవాళ్లని సరిగ్గా ఇవే చేసి చూపించమనండి. ఆన్‌లైన్ బుకింగ్ రంగుల పేజీ తర్వాత చూద్దామనండి.

టీకాలకు మాత్రం టైమ్ ఇచ్చి పిలవడమే మంచిది. జ్వరం ఎప్పుడొస్తుందో తెలియదు గానీ టీకా తేదీ నెల ముందే తెలుసు. ఆరు వారాల పసిబిడ్డను జ్వరాలు, దగ్గులు, విరేచనాల మధ్య గంటసేపు కూర్చోబెట్టడం చూస్తే నాకు మనసు ఒప్పదు. మధ్యాహ్నం ఓపీ లేని గంటన్నరని టీకాలకీ ఎదుగుదల చూడడానికీ ఉంచి, దానికి గళ్ల క్యాలెండర్ వాడండి. ఉదయం, సాయంత్రం టోకెన్లు. ఈ రెండు పద్ధతులూ ఒకే సాఫ్ట్‌వేర్లో పక్కపక్కన నడుస్తాయా అని అడగండి. నడవకపోతే మీకది పనికిరాదు.

తర్వాతి పరీక్ష పేర్లు. ఒకే ఫోన్ నంబర్ మీద ముగ్గురు పిల్లల్ని చేర్చమని అమ్మాయికి చెప్పండి. అన్నదమ్ముల పిల్లలందరికీ తాతగారి నంబరే ఇచ్చే ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు! నంబర్ కొట్టగానే ముగ్గురూ వయసుతో, ఊరితో సహా కనబడాలి. ఒక నంబర్‌కి ఒకే పేషెంట్ అని పట్టుబట్టే సాఫ్ట్‌వేరైతే, తొందరలో అమ్మాయి చివరి అంకె మార్చి కొట్టేస్తుంది. రికార్డులు పాడవడం అక్కడే మొదలు. ఇంగ్లీషు స్పెల్లింగుల గోల సరేసరి. లక్ష్మి అనే పేరునే తలా ఒక రకంగా రాస్తారు. ఇంటిపేరు ముందు పెట్టేవాళ్లు, చివర పెట్టేవాళ్లు, ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లు ఉంటారు. పేరులో ఏ ముక్క కొట్టినా, ఊరి పేరు కొట్టినా మనిషి దొరకాలి.

పసిబిడ్డలు పేరు పెట్టకముందే వస్తారు కదా, "బేబీ ఆఫ్" అని తల్లి పేరుతో రాస్తారు. బారసాలయ్యాక అసలు పేరు వేస్తే పాత వివరాలన్నీ అదే ఖాతాలో ఉండాలి, కొత్త ఖాతా తెరుచుకోకూడదు. కవలలైతే ఇంకా జాగ్రత్త. పేరు ఒకటే, పుట్టినరోజు ఒకటే, ఫోనూ ఒకటే. మొదటి బిడ్డ, రెండో బిడ్డ అని విడిగా గుర్తుపెట్టే వీలుందో లేదో చూడండి. ఒకరికి వేసిన టీకా ఇంకొకరి ఖాతాలో పడితే ఆ తర్వాత తేల్చడం ఎవరి తరమూ కాదు.

టీకాల దగ్గర ఇంకాస్త ఆగుదాం, పిల్లల క్లినిక్‌కి సాఫ్ట్‌వేర్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. పుట్టిన తేదీ వేస్తే 6, 10, 14 వారాల తేదీలు చూపించడం ఎవరికైనా సులువే. మీరు ఇలా అడగండి: "ఈ బిడ్డ 6 వారాలకి రాలేదు, 9వ వారంలో వచ్చి మొదటి డోసు వేయించుకుంది. రెండోది ఎప్పుడు?" పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా) డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉండాలి కాబట్టి 13వ వారం అని చూపించాలి. పుట్టిన తేదీ నుంచి మాత్రమే లెక్కేసేదైతే 10వ వారమే అంటుంది. అంటే టీకా వేయించి వారం తిరిగేసరికే మళ్లీ రమ్మని ఆ తల్లికి మెసేజ్. మీవారు పట్టుకుని సరిచేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ ఈలోపు ఆమె కూలి మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చేసి ఉంటుంది.

ఇంకొకటి. పుట్టినప్పుడు బీసీజీ, పోలియో చుక్కలు ప్రభుత్వాసుపత్రిలో, తర్వాతది ఊళ్లో ఏఎన్ఎం దగ్గర, మిగతావి మీ దగ్గర వేయించుకునే పిల్లలు మీకు రోజూ వస్తూనే ఉంటారు. వాళ్ల ఎంసీపీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) చూసి, బయట వేయించినవి కూడా ఎక్కించగలగాలి. అవి మీ ఫ్రిజ్ స్టాకులోంచి తగ్గకూడదు, బిల్లులో పడకూడదు. పైగా ప్రభుత్వ పట్టిక, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పట్టిక ఒకటి కాదు. 9 నెలలకి ప్రభుత్వంలో ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వేస్తే, అకాడమీ గవదబిళ్లలకి కూడా కలిపి ఉండే ఎంఎంఆర్ చెబుతుంది. మీవారు అనుసరించే పట్టికను ఆయనే మార్చుకునే వీలుండాలి. ఎదుగుదల చార్టులు 5 ఏళ్ల లోపు పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థవి, ఆపైన అకాడమీ 2015లో మన పిల్లల కోసం సవరించి ఇచ్చినవి ఉన్నాయో లేదో కూడా ఆయన్నే ఒకసారి చూడమనండి.

"టైపు చేస్తూ కూర్చోను" అన్న మాట నాకు సబబుగానే ఉంది. బిడ్డ ఊపిరి ఎలా తీస్తోందో చూడాల్సిన కళ్లు కీబోర్డు మీద ఉంటే ఎలా? ఆయన్ని పెన్నుతోనే రాయనివ్వండి. బరువు, జ్వరం కాంపౌండర్ గారు ముందే చూసి ఎక్కిస్తారు. రాసిన చీటీని కౌంటర్లో ఫొటో తీసి ఆ బిడ్డ ఖాతాలో పెడితే చాలు, రేపు వాళ్లు పోగొట్టుకున్నా మీ దగ్గర ఉంటుంది. డాక్టరు గారికి మాత్రం బిడ్డ లోపలికి రాగానే తెర మీద పోయినసారి బరువు, పడని మందు, బాకీ ఉన్న టీకా కనిపించాలి. అవి చూడ్డానికి ఇంకో పేజీలోకి వెళ్లాలంటే రద్దీలో ఎవరూ వెళ్లరు.

ఎప్పుడైనా ప్రింటు చీటీలకి మారితే తెలుగు ప్రింటు తీయించి చేత్తో పట్టుకుని చూడండి. తెర మీద చక్కగా ఉన్న "రాత్రి" కాగితం మీదకొచ్చేసరికి వత్తు విడిపోయి, "తిన్న తర్వాత" అన్నది చదవలేనట్టు తయారవుతుంది. మందుల జాబితా కూడా చూడాలి. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉన్నదీ ఉంది, 250 ఉన్నదీ ఉంది. పసిబిడ్డల చుక్కల మందులో అయితే ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. ఈ మూడూ ఒకే పేరుతో వరసగా ఉండి, ఎంత బలమో పక్కన స్పష్టంగా కనిపించకపోతే తప్పుది నొక్కడానికి ఎంతసేపు? అలాంటి జాబితాతో పిల్లలకి మందులు రాయకూడదు. ఇందులో సర్దుబాటు లేదు.

మెసేజ్‌ల ఖర్చు డెమోలో ఎవరూ తమంతట తాము చెప్పరు. ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల నమోదు వేదిక డీఎల్‌టీలో క్లినిక్ పేరు, పంపే వాక్యాల నమూనా రిజిస్టర్ అయి ఉండాలి. నమూనాలో లేని వాక్యం పోదు. ఆ పని ఎవరు చేస్తారు, ఎవరి పేరు మీద, ఎంతకి అని అడగండి. వాట్సాప్‌లో సాఫ్ట్‌వేర్ తనంతట తాను పంపే మెసేజ్‌లకి దాని యజమాని కంపెనీ మెటాకి ఛార్జీ కట్టాలి, దాని మీద కంపెనీ తన వాటా వేసుకోవచ్చు. "వాట్సాప్ ఫ్రీ" అన్న మాట వినపడితే నెలకి ఎన్ని, దాటితే ఎంత అని కాగితం మీద రాయించుకోండి. ఏ నంబర్ నుంచి పోతాయన్నది కూడా ముఖ్యమే. క్లినిక్ పేరు మీద వేరే సిమ్ తీసుకోండి. అమ్మాయి సొంత ఫోన్ నుంచి పేషెంట్ల రిపోర్టులు, చీటీలు పంపడం ఇప్పుడు జరుగుతుంటే దాన్ని ఈ వంకతోనైనా ఆపండి. అవి పిల్లల వివరాలు, ఉండాల్సింది క్లినిక్ దగ్గర.

ఆభా గురించి హడావుడి పడక్కర్లేదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. 14 అంకెల ఆభా నంబర్ తీసుకోవడం పేషెంట్ ఇష్టం. రేపు ఎప్పుడైనా కలుపుకునే వీలున్న సాఫ్ట్‌వేరైతే మంచిదే గానీ, ఈ ఒక్కదాని కోసం పెద్దదాన్ని కొనకండి. మెడికల్ షాపు బిల్లింగ్ కూడా అంతే. మార్గ్ లాంటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి షాపులో ఇప్పటికే నడుస్తుంటే దాన్ని కదపొద్దు. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీలు, షెడ్యూల్ హెచ్1 మందుల (అమ్మకం విడిగా రాసిపెట్టాల్సిన కొన్ని యాంటీబయాటిక్స్ లాంటివి) రిజిస్టర్, జీఎస్టీ, అదంతా వేరే లోకం.

ధర పోల్చేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి చూడండి. క్లినిక్‌లో వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ మీద కట్టిన పన్ను మీకు క్రెడిట్‌గా తిరిగి రాదు. ఆ తర్వాత రెండో లాగిన్‌కి ఎంత, రెండో ఏడాది ధర ఎంత, మెసేజ్‌లకి ఎంత అని మూడేళ్ల మొత్తం ఒక కాగితం మీద వేసుకుంటే, మీకు చెప్పిన డిస్కౌంట్ ఎంతో తేలుతుంది. పూర్తిగా ఉచితమని ఎవరైనా వస్తే, మరి మీకు డబ్బెక్కడిది అని నేరుగా అడగండి. మీ పేషెంట్లకి వెళ్లే మెసేజ్‌లో వేరే ల్యాబ్ ప్రకటనో, బుకింగ్ పేజీలో పక్క డాక్టర్ల పేర్లో ఉంటాయా అన్నది కూడా అడగాల్సిందే.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది రికార్డుల గురించి. సంతకం పెట్టే ముందే "మేం మానేస్తే మా పేషెంట్ల వివరాలు ఎలా ఇస్తారు?" అని అడిగి, డెమో రోజే ఆ ఫైలు తీయించి చూడండి. పేర్లు, ఫోన్లు ఎక్సెల్‌లో వస్తాయి, అది సరే. టీకాల తేదీలు, బరువులు, చీటీల ఫొటోలు కూడా వస్తున్నాయా? పేర్ల జాబితా ఒక్కటే చేతిలో పెడితే, కంపెనీ మారాలనుకున్న రోజు మీరు మళ్లీ మొదటికొస్తారు. పేషెంట్ తరఫువాళ్లు రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల్లో ఉంది. "కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తట్లేదు" అన్నది అప్పుడు జవాబు కాదు. వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. వివరాలు బయటికి పొక్కితే బాధ్యత మొదట క్లినిక్‌దే. అందుకే ఎవరి లాగిన్ వాళ్లకే ఉండాలి, అందరికీ ఒకే పాస్‌వర్డ్ వద్దు. అడ్మిన్ ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. వారానికొకసారి మొత్తం వివరాల కాపీ మీ దగ్గర విడిగా డ్రైవ్‌లో ఉండాలి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు అంతటి ఆసుపత్రి రోజుల తరబడి కాగితాల మీద నడిచింది. మీకు అంత దాడి జరగక్కర్లేదు, సాయంత్రం ఓపీలో నెట్ పోతే చాలు. డెమో మధ్యలో రూటర్ ఆపేసి టోకెన్లు ఇంకా వస్తున్నాయో లేదో చూడండి.

కాంపౌండర్ గారితో మీవారే స్వయంగా మాట్లాడాలి, కంప్యూటర్ కౌంటర్లోకి రాకముందే. ఎవరు ఎవరి బిడ్డో, ఏ ఊరో, ఏ ఇంట్లో ఇద్దరు అదే పేరుతో ఉన్నారో ఆయనకి తెలిసినంతగా ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు. కొత్త ఖాతా తెరిచినప్పుడల్లా "ఈ బిడ్డ మనకి ముందే ఉందా?" అని చూసే పని, బరువులు ఎక్కించే పని, టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రాసే పని ఆయనకి అప్పగించండి. అవి నిజంగా అవసరమైన పనులు, ఆయన్ని ఊరుకోబెట్టడానికి చెప్పే మాటలు కావు. జీతంలో మార్పు ఉండదని కూడా స్పష్టంగా చెప్పండి.

పన్నెండేళ్ల పుస్తకాలు కూర్చుని ఎక్కించొద్దు. బిడ్డ వచ్చినప్పుడు పుట్టిన తేదీ, ఫోన్, ఊరు, టీకాలు, పడని మందులు, ఇంతవరకే ఎక్కించండి. తరచూ వచ్చేవాళ్లందరూ కొన్ని నెలల్లో వాళ్లంతట వాళ్లే చేరిపోతారు. వానాకాలం జ్వరాల సీజన్లో మాత్రం మొదలుపెట్టకండి, సంక్రాంతి అయ్యాక పెట్టుకోండి. మొదటి నెల పుస్తకం కూడా పక్కనే నడవనివ్వండి.

చిన్న కంపెనీ వాళ్లని మూడు నెలలకి మాత్రమే డబ్బు తీసుకోమనండి, ఆ తర్వాత ఏడాదికి. మూడు నెలలయ్యాక అమ్మాయినీ, కాంపౌండర్ గారినీ విడివిడిగా అడగండి, పుస్తకం తీసేద్దామా అని. ఇద్దరూ సరే అంటే ఏడాదికి కట్టండి. వద్దంటే ఎక్కడ ఇబ్బందో వాళ్ల చేతే కంపెనీకి చెప్పించి, అది సరిచేశాకే మిగతా డబ్బు ఇవ్వండి.